తోక ఊపుతూనే కరిచిన గంగ: ఒక కేసు పూర్తి వివరం

కనుమ నాడు మధ్యాహ్నం రెండున్నరకు విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. ఏడాదికి పైగా నా క్లినిక్‌కి వస్తున్న కుటుంబమే. ఆ ఇల్లాలి గొంతు వణుకుతోంది. "డాక్టర్ గారూ, మా గంగ పిల్లాణ్ని కరిచిందండీ. తోక ఊపుతూ ఊపుతూనే, ఉన్నట్టుండి కరిచేసింది."

తోక ఊపుతూ, ఉన్నట్టుండి. కుక్క కాటు జరిగిన ఇళ్లలో ఈ రెండు మాటలూ దాదాపు ప్రతిసారీ వింటాను. ఈ కేసును మొదటి నుంచీ రాయాలనిపించడానికి కారణం, ఇందులో నా తప్పు కూడా ఉంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ముందు గాయం సంగతి. పిల్లాడికి 9 ఏళ్లు. ఆమె ఆడపడుచు కొడుకు, తెనాలి నుంచి పండక్కి మేనమామ ఇంటికి వచ్చాడు. ఎడమ బుగ్గ మీద రెండు పళ్ల గాట్లు, ఒకదాని నుంచి రక్తం. నేను ఫోన్ ఎత్తేసరికే వాళ్ల అమ్మమ్మ గాటు మీద పసుపు అద్దేసింది. అది కడిగేసి, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి మరీ కడగమన్నాను. ఏడుస్తున్న పిల్లాడి మొహం అంతసేపు కడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ రేబిస్ విషయంలో ఇంట్లో మన చేతిలో ఉన్న మందు అదొక్కటే. గంగకు టీకా వేసింది నేనే, కార్డు నా దగ్గరే ఉంది. అయినా పిల్లాణ్ని వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. రక్తం వచ్చిన గాటు, అదీ ముఖం మీద. కాబట్టి టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రేబిస్ వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు, కూడా ఇచ్చారు. ఆ రోజుతో మొదలుపెట్టి 3, 7, 28 రోజులకు మిగిలిన టీకాలు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులా" అని ఆ పెద్దావిడ ఒకటే ఏడుపట. ఆ పాత టీకా మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికే. గంగను 10 రోజులు కళ్లెదుటే ఉంచుకుని గమనించమన్నాను. మామూలుగానే తింది, మామూలుగానే తిరిగింది.

ఇంట్లో మాత్రం పండగ వాతావరణం పోయింది. కోడలు తెచ్చిపెట్టుకున్న కుక్క ఆడపడుచు కొడుకును కరిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆడపడుచు ఆ సాయంత్రమే బయల్దేరింది. అత్తగారు ఒకటే మాట: "బుడమేరు కట్ట మీద వదిలేసి రండి." పెంచుకున్న కుక్కను అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని చెప్పాను. చట్టం మాట అలా ఉంచి, వారం టైం ఇవ్వండి, నేను ఇంటికి వచ్చి చూస్తాను అని అడిగాను.

గంగ అన్న పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ కుటుంబం కింది వాటా వదిలేసి మేడ మీదికి చేరింది. మెట్ల మలుపులో ఒక నాటు కుక్కపిల్ల, సుమారు మూడు నెలలది, తడిసి ముద్దై కూర్చుంది. కింది మెట్లన్నీ నీళ్లలో ఉన్నాయి. డ్రోన్లతో, బోట్లతో వచ్చిన పొట్లాల్లోదే దానికీ ఇంత పెట్టారు. నీళ్లు తీశాక అది వెళ్లలేదు, వీళ్లు పంపలేదు. ఇప్పుడు ఏడాదిన్నర దాటింది, 16 కిలోలు, గోధుమ రంగు, నిక్కపొడుచుకున్న చెవులు, వీపు మీదికి సున్నాలా చుట్టుకున్న తోక. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఈ రోజుకీ దాని చోటు ఆ మెట్ల మలుపే.

41 సెకన్ల వీడియో

ఈ కేసులో నా అదృష్టం, ఆ ఇంటి పెద్దమ్మాయి వాట్సాప్ స్టేటస్ కోసం అదంతా ఫోన్లో తీసింది. 41 సెకన్లు. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో. మొదటిసారి మామూలుగా చూస్తే నాకూ ఏమీ కనిపించలేదు, ఒక పిల్లాడు కుక్కను ముద్దు చేస్తున్నాడు, అంతే. తర్వాత శబ్దం తీసేసి, వేగం తగ్గించి చూశాను. శబ్దం తీసేయడం ముఖ్యం. ఎందుకంటే వీడియోలో అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వులు వింటూ చూస్తే కుక్క కూడా సరదాగానే ఉందనిపిస్తుంది.

గంగ హాల్లో దివాన్‌కీ గోడకీ మధ్య మూలలో పడుకుని ఉంది. నోరు కొంచెం తెరిచి, నాలుక వదులుగా, తోక చుట్ట వీడి పక్కకు వాలి. హాయిగా ఉన్న కుక్క. పిల్లాడు ఎదురుగా నడిచొచ్చి మీదికి వంగుతాడు. నాలుగో సెకనులో గంగ నోరు మూసుకుని లేచి నిలబడుతుంది. మొత్తం వీడియోలో గంగ తన ఒంటితో చెప్పిన మొదటి మాట అదే. విజయవాడ ఎండల్లో మే నెలలో ప్రతి కుక్కా నోరు తెరుచుకుని రొప్పుతూనే ఉంటుంది కాబట్టి రొప్పడాన్ని బట్టి దాని మనసు చెప్పడం కష్టం. కానీ తెరిచిన నోరు మన చెయ్యి దగ్గరికి రాగానే టక్కున మూసుకుందంటే, ఏ కాలంలోనైనా సరే, చెయ్యి అక్కడే ఆపాలి.

ఏడో సెకనులో నాలుకతో ముక్కు నాక్కుంటుంది. దగ్గర్లో తిండేమీ లేదు. తొమ్మిదో సెకనులో అరచెయ్యి నడినెత్తి మీద పడుతుంది. నిలువుగా ఉన్న చెవులు రెండూ వెనక్కి మెడకు అతుక్కుపోతాయి. పదిహేనులో తల గోడవైపు తిప్పుకుంటుంది. పిల్లాడు రెండు చేతులతో దాని మొహం పట్టుకుని తనవైపు తిప్పుకుంటాడు. పద్దెనిమిదిలో ఇంత పెద్ద ఆవలింత. పెద్దమ్మాయి గొంతు వినిపిస్తుంది, "నిద్రొస్తున్నట్టుంది దీనికి". ఇరవై రెండులో ముందు ఎడమ కాలు గాల్లోకి లేస్తుంది, ఒంటి బరువంతా వెనక కాళ్ల మీదికి పోతుంది. వెనక గోడ, పక్కన దివాన్, ముందు పిల్లాడు. ఇక పోవడానికి చోటు లేదు.

అప్పుడు మొదలవుతుంది తోక. చుట్టుకున్న తోక మొదట్లో బిగుసుకుపోయి, కొస మాత్రం టకటకా కొట్టుకుంటుంది. "తోకూపుతోంది చూడు!" అని ఎవరో అంటారు. గంగ ఇంటివాళ్లను చూసి సంతోషపడినప్పుడు ఎలా ఊపుతుందో పాత వీడియోల్లో చూశాను. నడుము దగ్గర్నుంచి మొత్తం వెనక భాగమే ఇటూ అటూ ఊగుతుంది, చుట్ట వీడిపోతుంది. ఇక్కడ నడుము రాయిలా ఉంది. మన నాటు కుక్కల తోక మామూలుగానే వీపు మీద ఉంటుంది కాబట్టి, తోక పైకి లేస్తే కోపం, కిందికి దిగితే భయం అన్న కొలత వీటికి సరిపోదు. కొస ఊగుతోందా అని కాదు, మొదలు వదులుగా ఉందా అని చూడాలి. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కలను పరిశీలించి, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు ఎక్కువగా, కొత్త పెత్తందారీ కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుందని చెప్పారు. చక్కటి పరిశోధన. కానీ హాల్లో నిలబడి కంటితో ఆ తేడా పట్టుకోవడం నావల్లే కాదు, తొమ్మిదేళ్ల పిల్లాడి వల్ల ఏమవుతుంది? బిగుపు, వదులు అయితే ఎవరైనా చూడగలరు.

ముప్పైలో పిల్లాడు మెడ చుట్టూ చేతులేసి, బుగ్గను దాని కుడి చెవికి ఆనించి గట్టిగా హత్తుకుంటాడు. కంట్లో నెలవంకలా తెలుపు కనిపిస్తుంది. తోక ఆగిపోతుంది. పక్కటెముకల మీద దృష్టి పెట్టి చూస్తే ఊపిరి కూడా ఆడడం లేదు. నేను లెక్కపెట్టాను, నాలుగు సెకన్లు. ఈ నాలుగు సెకన్లలోనే పెద్దావిడ గొంతు, ప్రేమగా: "ఎంత బుద్ధిగా నిలబడిందో చూడు, తల్లి!"

ముప్పై ఆరో సెకనులో పిల్లాడి చెయ్యి కుడి చెవిని నలిపింది. తర్వాత ఫోన్ ఊగిపోయింది.

గంగ ఒక్కసారే కరిచి వదిలేసింది. మళ్లీ మీదికి రాలేదు, దివాన్ ఎక్కి దూకి మెట్లవైపు పోయింది. 16 కిలోల కుక్క నిజంగా గాయం చేయాలనుకుంటే రెండు గాట్లతో ఆగదు. పిల్లాడి తల్లికి ఇది చెప్పి ఊరడించబోలేదు, ఆ సమయంలో చెప్పాల్సిన మాట కాదు. కానీ కుక్కతో పని మొదలుపెట్టవచ్చా లేదా అని నిర్ణయించుకోవడానికి నాకు అది చాలా ముఖ్యం.

చెవి, చెప్పు

నాలుగో రోజు ఇంటికి వెళ్లాను. గంగ వైపు నేరుగా నడవకుండా, గుమ్మం దగ్గర నేల మీద పక్కకు తిరిగి కూర్చున్నాను. పది నిమిషాలు ఆ ఇల్లాలితో మాట్లాడుతూనే ఉన్నాను. గంగ వచ్చి నా మోకాలు వాసన చూసింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఛాతీ మీద వేళ్లతో మెల్లగా గోకాను, మూడు సెకన్లు. చెయ్యి తీసేసి ఆగాను. అది ఇంకో అడుగు ముందుకేసి నా చేతికి ఒరిగింది. మళ్లీ మూడు సెకన్లు, మళ్లీ ఆపడం. ఎడమ భుజం, సరే. గడ్డం కింద, సరే. చెయ్యి కుడి చెవి వైపు కదిలిందో లేదో, ముక్కు నాక్కుని తల తిప్పేసింది. చెయ్యి తీసేశాను. ఒళ్లంతా ఒకసారి దులుపుకుంది, తడిసిన కుక్క దులుపుకున్నట్టు. టెన్షన్ దిగిపోయాక అలా చేస్తాయి.

క్లినిక్‌లో మూతికి బుట్ట తొడిగి, కొంచెం మత్తు ఇచ్చి చూస్తే కుడి చెవి లోపల ఎర్రగా వాచి ఉంది. గోధుమరంగు గులిమి, పులిసిన వాసన. మైక్రోస్కోప్ కింద ఈస్ట్ అనే శిలీంధ్రం కనిపించింది. కర్ణభేరి బాగానే ఉంది. ఎంతకాలంగా ఉందో కచ్చితంగా చెప్పలేను కానీ, తల విదిలించడం వానాకాలం నుంచీ చూస్తున్నామని ఇంటివాళ్లు చెప్పారు. మధ్యలో గోరువెచ్చటి కొబ్బరినూనె కూడా పోశారట. చెవిలో ఏముందో చూడకుండా నూనె గానీ మనుషుల చెవి చుక్కలు గానీ వేయొద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అప్పుడే అసలు సంగతి బయటపడింది. దసరా రోజుల్లో స్నానం చేయించి తువ్వాలుతో తల తుడుస్తుంటే గంగ గుర్రుమందట. ఇంటాయన చెప్పు తీసి రెండు వేశాడు. "ఆ రోజు నుంచి మళ్లీ నోరెత్తలేదండీ" అన్నాడు, పని సాధించిన మనిషిలాగే. ఆయన చెడ్డవాడు కాదు. వరదలో ఆ కుక్కపిల్లను బనీనులో చుట్టి గుండెకు ఆనించుకుని కూర్చున్నది ఆయనే. గుర్రుమంటే ఎదురుతిరగడం అని మన ఇళ్లలో అందరూ నమ్మినట్టే ఆయనా నమ్మాడు.

బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఈ సైగలన్నిటినీ ఒక నిచ్చెనలా పేర్చారు. రెప్పలార్చడం, ముక్కు నాక్కోవడం, ఆవలించడం కింది మెట్లు. తల తిప్పుకోవడం, పక్కకు పోవడం, ఒంగిపోవడం ఆ పైవి. బిగుసుకుపోవడం, గుర్రుమనడం, గాల్లో కొరకడం ఇంకా పైన. చిట్టచివరిది కాటు. గంగ ఆ 36 సెకన్లలో కింది మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కింది. గుర్రుమనే మెట్టు మాత్రం దసరాకే చెప్పుతో ఊడగొట్టేశారు. ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే అది నొప్పి అని చెప్పిందాండీ నాకు?" అన్నాడు. అవునన్నాను.

ఇక నా తప్పు. గంగ మొదటి టీకాకు వచ్చినప్పుడు స్టీలు బల్ల మీద నిలబెట్టి సూది వేశాను. కదల్లేదు, కుయ్యిమనలేదు. "ఎంత బుద్ధిమంతురాలో" అని నేనే అన్నాను. కార్డు తీసి చూసుకుంటే నా చేతిరాతే: "ప్రశాంతం, సహకరిస్తుంది." ఆ రోజు దాని కాళ్లు జారుతున్న బల్ల మీద బిగబట్టి ఉన్నాయని, తోక కడుపు కిందికి పోయిందని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు చూసే ఉంటాను, చదవలేదు. గన్నవరం పశువైద్య కాలేజీలో జ్వరం, గుండె వేగం, చిగుళ్ల రంగు చూడటం నేర్చుకున్నాను. భయంతో కొయ్యబారిపోయిన కుక్కకూ, నెమ్మదిగా ఉన్న కుక్కకూ తేడా నా అంతట నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఇంట్లో వాళ్లందరికీ కదలని కుక్క మంచి కుక్క అన్న నమ్మకం కుదరడానికి డాక్టర్ మాట కూడా సాయం చేసింది. మౌనం అర్ధాంగీకారం అంటాం. పెళ్లిచూపుల్లోనే అది నమ్మదగ్గ మాట కాదు, కుక్క దగ్గర అసలే కాదు. ఇప్పుడు మా క్లినిక్‌లో టీకాలు నేల మీద, రబ్బరు చాప వేసి ఇస్తున్నాం. కార్డులో "కదల్లేదు" అని మాత్రమే రాస్తున్నాను.

ఏం చేశాం

చెవికి మూడు వారాల పైన పట్టింది. మందు వేయడమే పెద్ద పని, ఎందుకంటే నొప్పి ఉన్న చెవి అది. బలవంతంగా పట్టుకుని వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ముందు మూడు రోజులు మందే లేదు. మందు ఆలస్యమవుతుందని నాకూ ఆదుర్దాగానే ఉంది, నొప్పి తగ్గే మాత్రలు మాత్రం ఇచ్చాను. ఆ ఇల్లాలు అరచెయ్యి చాపుతుంది, గంగ వచ్చి గడ్డం ఆనిస్తే ఉప్పూకారం లేని ఉడికించిన కోడి ముక్క ఒకటి. గడ్డం తీసేస్తే చెయ్యి వెనక్కి, మందలింపు లేదు. గడ్డం ఆనించి ఉన్నంతసేపే చెవి ముట్టుకోవడం, మొదట ఒక వేలితో. నాలుగో రోజు మొదటి చుక్క పడింది. ఆమె ఓపికకు దండం పెట్టాలి. రోజుకు నాలుగైదుసార్లు, వంట మధ్యలో, స్టవ్ ఆపి వచ్చి మరీ చేసింది.

ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టాం. మెట్ల మలుపులో ఉన్నప్పుడు గంగ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు, పిలవకూడదు. దివాన్ జరిపి ఆ మూలకు రెండో దారి తీశాం. ఐదు నిమిషాల పనే అది, కానీ నా లెక్కలో మందు తర్వాత అంతటిది. నెత్తి మీద తట్టడం, కావలించుకోవడం ఎవరూ చేయకూడదు. చుట్టాల పిల్లలు వస్తే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఫోన్ పట్టుకుని కాదు. గుర్రుమంటే తిట్టకూడదు, చెయ్యి తీసి పక్కకు జరగాలి. చివరిది ఇంటాయనకు అన్నిటికంటే కష్టమైంది. "గుర్రుమన్నప్పుడల్లా వెనక్కి తగ్గితే నెత్తికెక్కదా?" అన్నాడు. వెనక్కి తగ్గి అక్కడితో వదిలేయమనలేదు, దేనికి గుర్రుమందో రాసిపెట్టి నాకు చెప్పమన్నాను. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకోమనడం లేదు. గుర్రుమనే కుక్క కూడా కరుస్తుంది, ముందు మనకొక అవకాశం ఇస్తుంది, అంతే తేడా.

మూడో వారంలో పక్కింటాయన వచ్చి అలవాటు కొద్దీ వంగి గంగ నెత్తి తట్టబోయాడు. నెలల తర్వాత అది మొదటిసారి గుర్రుమంది. ఇంటాయన చెయ్యి గాల్లోకి లేచిందట. లేచిన చేత్తోనే పక్కింటాయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. రాత్రి తొమ్మిదికి నాకు ఫోన్ చేసి, "గుర్రుమందండీ" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి. ఊడిపోయిన మెట్టు మళ్లీ బిగుసుకుంది.

గంగ ఇక జన్మలో కరవదని నేను రాసివ్వలేదు, ఏ కుక్క గురించీ రాసివ్వను. చెవి నొప్పి మళ్లీ రావచ్చు. వరద వచ్చినప్పటి వయసు దాని మీద ఎంత ముద్ర వేసిందో ఎవరం చెప్పలేం. పైనుంచి మోటారు నీళ్ల శబ్దం వస్తే ఇప్పటికీ మెట్లెక్కి పోతుంది. అత్తగారు కట్ట మీద వదిలేయమనడం మానేసింది, కానీ పిల్లలుంటే గంగకు గొలుసు వేయమంటుంది. మెట్ల తలుపు తీసి ఉంచి, పొడుగు గొలుసు వేసి, ఆ చివర ఒక పెద్ద మనిషి ఉంటే సరే అన్నాను. ఆవిడ మనవడి బుగ్గ మీద మచ్చ ఉంది, ఆవిడ భయానికి విలువ ఇవ్వాల్సిందే.

వేసవి సెలవుల్లో పిల్లాడు మళ్లీ వచ్చాడు. వాళ్లమ్మ మొదట వద్దంది, తర్వాత తనే వెంట తీసుకొచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు. నేను చూపించిన వీడియోను వాడు చాలాసార్లు చూశాడు. పెద్దవాళ్లకంటే వేగంగా పట్టేశాడు, ఏడో సెకను దగ్గర తనే ఆపి "ఇక్కడే చెప్పింది మావయ్యా" అని చూపించాడు. హాల్లో నేల మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. నేను వాడి పక్కన, ఇంటాయన గొలుసు పట్టుకుని. గంగ చాలాసేపు రాలేదు. వచ్చాక వాడి చొక్కా కొస వాసన చూసింది. ఛాతీ మీద గోకుతూ వాడు పైకే లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గంగ అక్కడే నిలబడింది. మళ్లీ ఒకటి, రెండు, మూడు. ఈసారి చెయ్యి తీయగానే ముక్కు నాక్కుని, వెనక్కి తిరిగి, మెట్లవైపు నడిచింది.

"పిలువురా, వస్తుంది" అంది అమ్మమ్మ వంటింట్లోంచి.

"వద్దు అమ్మమ్మా, చాలంది" అన్నాడు వాడు.